ఎంబీఏ ఫైనల్ ప్రాజెక్టుకి కంపెనీ లెక్కలు ఇవ్వనంటోంది, రొయ్యల మేత డీలర్ మీద చేయొచ్చా?

అల్లూరు_ఫైనాన్స్:

అందరికీ నమస్తే. మాది అల్లూరు దగ్గర పల్లె, నెల్లూరులో ఎంబీఏ చదువుతున్నాను, ఫైనాన్స్, ఇది ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు దగ్గర ఎటూ తేలక ఇక్కడ అడుగుతున్నాను, కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జిల్లాలోనే ఉన్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ (రోజువారీ వ్యాపారానికి కావాల్సిన డబ్బు నడిపే తీరు) మీద చేద్దామని కాలేజీ లెటర్ పట్టుకుని వెళ్లాను. హెచ్‌ఆర్ వాళ్లు బాగానే మాట్లాడారు, సరే అని సంతకం పెట్టి ఇచ్చారు, ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. తీరా అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు, రావలసిన బాకీలు, స్టాకు వివరాలు అడిగితే "అవి బయటికి ఇవ్వం అమ్మా, మీ సీనియర్లు కూడా కంపెనీ చరిత్ర, ఆర్గనైజేషన్ చార్టు తీసుకుని వెళ్లారు, నువ్వూ అట్నే చేసుకో" అన్నారు. మళ్లీ వెళ్తే ఆ సార్ లేరంటారు, ఉంటే ఆడిట్ నడుస్తోంది తర్వాత రమ్మంటారు. కంపెనీ గేటు దాకా బస్సు లేదు, హైవే మీద దిగి ఆటో మాట్లాడుకోవాలి, ఆ ఖర్చులకి నాన్నని మాటిమాటికీ అడగాలంటే మొహమాటంగా ఉంది.

గైడ్ సార్‌కి చెప్తే "కంపెనీ ప్రొఫైల్ పెట్టు, రేషియోలు పాత రిపోర్టు చూసి సంవత్సరాలు మార్చు, ఎవరూ అంత లోతుగా చూడరు" అన్నారు. సార్ మీద నాకు కోపం లేదు, ఆయన కింద చాలామందిమి ఉన్నాం, అందరినీ గట్టెక్కించాలి కదా. ఫ్రెండ్స్‌లో కొందరు ప్రాజెక్టు సెంటర్‌లో డబ్బులు కట్టేశారు, వారంలో బైండింగ్‌తో సహా చేతికిస్తారంట. నాకు మనసొప్పడం లేదు. రెండేళ్లుగా పుస్తకంలో చదివిన రేషియోలు ఒక్కసారైనా నిజం లెక్కల మీద వేసి చూడాలని ఉంది.

ఇక నేను అడగాలనుకున్నది. మాకు మామయ్య వరసయ్యే ఒకాయన రొయ్యల మేత డీలర్. మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలున్న రైతులు చాలామంది ఆయన దగ్గర అప్పు మీద మేత తీసుకుంటారు, పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక, కడతారు. ఆయన ఖాతా పుస్తకం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒక్కో రైతుకి ఒక్కో పేజీ, ఎడమ వైపు తేదీ, మేత నంబరు, బస్తాలు, కుడి వైపు జమ. ఆ జమ గడి నెలల తరబడి ఖాళీగానే ఉంటుంది, పేజీ కింద పెన్సిల్‌తో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి) ఎంత వచ్చింది, సరుకు ఎవరు ఎత్తారు అని రాసి ఉంటుంది. క్లాసులో రిసీవబుల్స్, అంటే రావలసిన బాకీలు, అంటుంటే నాకు ఆ పేజీలే కళ్లముందు కనపడేవి. దీని మీద చేస్తే ఒప్పుకుంటారా? మేత షాపుని సంస్థ అని చూపించొచ్చా, సర్టిఫికెట్ ఎవరివ్వాలి, టైటిల్ ఇప్పుడు మార్చనిస్తారా, ఎంతమంది రైతుల లెక్కలుంటే సరిపోతుంది? రెండో రివ్యూ దగ్గర పడుతోంది, బాగా టెన్షన్‌గా ఉంది.


పొగతోట_అకౌంట్స్:

అమ్మాయ్, ముందు ఒక మాట. వాళ్లు లెక్కలు ఇవ్వనిది నువ్వంటే చిన్నచూపై కాదు, ఆ సంగతి మనసులో పెట్టుకోకు. నేను సీఫుడ్ లైన్‌లోనే అకౌంట్స్ చూస్తాను కాబట్టి ఆ ఫైళ్లలో ఏముంటుందో చెప్తా. ఏ దేశం బయ్యర్‌కి ఏ రేటు, ఎగుమతి సరుకు మీద బ్యాంకు ముందుగా ఇచ్చే అప్పు (ప్యాకింగ్ క్రెడిట్) లిమిట్ ఎంత, అందులో ఎంత వాడేశారు, ఏ కౌంట్ సరుకు కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టన్నులు ఆగి ఉంది, ఇవన్నీ ఉంటాయి. ఇందులో ఏ ఒక్కటి పక్క కంపెనీకి తెలిసినా గుంట దగ్గర కొనే రేటు మీద, బయ్యర్‌తో బేరం మీద దెబ్బ పడుతుంది. పైగా 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పటి నుంచి మా లైన్‌లో ప్రతి కంపెనీ తన లెక్క తను ఇంకా గుట్టుగా పెట్టుకుంటోంది. ఆ అకౌంట్స్ మనిషి నీకు ఫైలు ఇస్తే రేపు ఆయన ఉద్యోగానికే ముప్పు.

అందుకని అడిగే తీరు మార్చాలి. ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వరు. ఒక కాగితం మీద నువ్వే గడులు గీసుకుని వెళ్లు: సరుకు ఫ్యాక్టరీలోకి వచ్చాక కంటెయినర్ ఎక్కేలోపు సగటున ఎన్ని రోజులు, బయ్యర్ డబ్బు ఎన్ని రోజులకి వస్తుంది, రైతుకి, ఏజెంటుకి ఎన్ని రోజుల్లో కడతారు. రూపాయలు వద్దు సార్, రోజులు చెప్పండి చాలు అను. అంతకీ రూపాయలే కావాలంటే మొదటి ఏడాది అంకెని 100 అనుకుని మిగతా ఏళ్లవి దాని మీద లెక్కకట్టి ఇమ్మని అడుగు. అప్పుడు వాళ్ల గుట్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, నీకు ట్రెండ్ దొరుకుతుంది. ఇలా అడిగిన పిల్లలకి మా దగ్గర ఇచ్చాం కూడా.

ఇంకో దారి, ఎవరి గడపా తొక్కక్కర్లేనిది. లిస్టెడ్ కంపెనీల, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నవాటి, వార్షిక నివేదికలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. రొయ్యల మేత కంపెనీల్లో అవంతి ఫీడ్స్‌వి ఉన్నాయి, వాటర్‌బేస్ అయితే మన తోటపల్లి గూడూరు మండలం అనంతపురంలోనే ఫ్యాక్టరీ, వాళ్లవీ ఉంటాయి. లిస్ట్ కాని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయినా సరే, ఏటా బ్యాలెన్స్ షీట్ కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర దాఖలు చేయాల్సిందే, ఆ పోర్టల్‌లో లాగిన్ అయి 100 రూపాయల ఫీజు కడితే చూడొచ్చు. చాలామంది పిల్లలకి ఈ సంగతి తెలియక గేటు దగ్గర నిలబడి బతిమాలుతుంటారు, చూస్తే బాధేస్తుంది. సొంత షాపులకి, పార్ట్‌నర్‌షిప్ సంస్థలకి మాత్రం ఇది ఉండదు.

మీ మామయ్య షాపు సంగతి. నన్నడిగితే నీ దగ్గరున్న వాటిలో అదే మంచి టాపిక్. ఎందుకంటే రొయ్యల సాగు ఖర్చులో సగం పైగా మేతదే, ఆ మేత నడిచేదంతా అప్పు మీద. లెక్క ఇలా పట్టు: షాపులో స్టాకు 15 రోజులు ఆగుతుందనుకో, రైతు దగ్గర డబ్బు 110 రోజులకి వస్తుందనుకో, మేత కంపెనీ డీలర్‌కి 30 రోజులు గడువిస్తుందనుకో. 15, 110 కలిపి 30 తీసేస్తే 95. అంటే ఒక బస్తాలో పెట్టిన రూపాయి తిరిగి గల్లాపెట్టెలోకి రావడానికి 95 రోజులు (నగదు చక్రం అనేది ఇదే), అన్ని రోజులూ ఆ డబ్బు ఆయన ఎక్కడో ఒకచోట తేవాలి. బ్యాంకు ఓడీనా (ఓవర్‌డ్రాఫ్ట్), బంధువుల దగ్గరా, వడ్డీ ఎంత? క్యాష్ కొన్న రైతుకి రేటు ఎంత, అప్పు రైతుకి రేటు ఎంత? తేడా 5 శాతం ఉండి 100 రోజులు ఆగితే సంవత్సరానికి 18 శాతం పైచిలుకు పడుతుంది. ఆ ఒక్క లెక్క నిజం అంకెలతో కట్టి చూపించు, ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు దాని గురించి నువ్వే అరగంట మాట్లాడగలవు. ఇక్కడ నేను పెట్టినవి ఊరికే ఉదాహరణకి, నీ అంకెలు నువ్వు పుస్తకంలోంచి తియ్యి.


కందుకూరు_క్యాంపస్:

నేను కొంచెం వేరేగా చెప్తాను, తప్పుగా అనుకోకు చెల్లీ. ప్రాజెక్టు సెంటర్‌కి వెళ్లేవాళ్లంతా బద్ధకస్తులని ఇక్కడ అందరూ అంటారు కానీ పగలు షోరూంలో బిల్లింగ్ చేసి రాత్రి చదువుకునేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా బాగాలేక ఆస్పత్రి చుట్టూ తిరిగేవాళ్లు వాళ్లలో ఉన్నారు, కాలేజీ వాళ్లకి ఇంకో దారి చూపించలేదు. కొనమని నీకు చెప్పను. కానీ నువ్వు ఇప్పుడు టైటిల్ మార్చి రైతుల చుట్టూ తిరగడం మొదలుపెడితే క్యాంపస్ డ్రైవ్‌లు, ఎగ్జామ్స్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. పైన అన్న చెప్పిన లిస్టెడ్ కంపెనీ దారి తీసుకో, ఐదేళ్ల నివేదికలు దించుకో, ఇంట్లో కూర్చుని ఎక్సెల్‌లో రేషియోలు వెయ్యి. అదీ నిజం డేటానే, ఎవర్నీ మోసం చేసినట్టు కాదు. ముందు డిగ్రీ చేతికి రావాలి, ఉద్యోగం రావాలి, ఆ తర్వాత ఇలాంటివి ఎన్నైనా చేయొచ్చు.


ఒంగోలు_మేనేజ్‌మెంట్_లెక్చరర్:

అమ్మా, నేను ఒంగోలు వైపు ఒక కాలేజీలో ఎంబీఏకి చెప్తాను, వైవాలకి (ప్రాజెక్టు మౌఖిక పరీక్షలకి) ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి ఎగ్జామినర్‌గా, కూడా వెళ్తుంటాను. కందుకూరు బాబు చెప్పిన లిస్టెడ్ కంపెనీ దారి తప్పేమీ కాదు, నిజాయితీ గల దారే, సమయం లేనివాళ్లకి నేనూ అదే చెప్తాను. కానీ నీ చేతిలో ఉన్నది అంతకంటే విలువైన సరుకు. వార్షిక నివేదిక ఎవరైనా దించుకోగలరు. ఆ ఖాతా పుస్తకం తెరిచి నీకు తప్ప ఇంకెవరికి చూపిస్తారు? పది మంది పిల్లలు "ఎ స్టడీ ఆన్ వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్" అనే ఒకే అట్టతో వచ్చి కూర్చుంటే, మధ్యలో ఒక అమ్మాయి మేత అప్పు గురించి చెప్తే ఏ ఎక్స్‌టర్నల్ అయినా కుర్చీ ముందుకి జరుపుకుంటాడు.

వైవాలో ఏం జరుగుతుందో కూడా చెప్తాను, భయం తగ్గుతుంది. నేను రిపోర్టు మొదటి నుంచి చదవను. ఏదో ఒక టేబుల్ దగ్గర తెరిచి ఈ అంకె ఎక్కడిది అని అడుగుతాను, అది పోయినేడాది కంటే ఎందుకు పెరిగింది అని అడుగుతాను. కరెంట్ రేషియో (ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తులకీ ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులకీ నిష్పత్తి) 2కి 1 ఉంటే మంచిది అని పుస్తకం మాట చెప్పి ఊరుకునేవాళ్లే ఎక్కువ. మీ సంస్థకి అది 1.2 ఉన్నా నడుస్తోంది కదా, ఎలా నడుస్తోంది అంటే నోరు పెగలదు. సొంతంగా లెక్క కట్టినవాళ్లకి ఆ ప్రశ్నకి తడుముకోవలసిన పని ఉండదు. సంవత్సరాలు మార్చిన రిపోర్టయితే అక్కడే దొరికిపోతుంది, ఎందుకంటే స్టాకు మారుతుంది కానీ అమ్మకాలు మారవు, ఒక టేబుల్‌కీ ఇంకో టేబుల్‌కీ పొంతన ఉండదు.

కాపీ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో మాస్టర్స్ స్థాయి డిసర్టేషన్లు కూడా ఉన్నాయి. 10 శాతం దాకా పోలిక ఉంటే చర్య లేదు. 10 దాటి 40 లోపు అయితే ఆరు నెలలకి మించని గడువులో దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 మధ్యయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వడానికి కుదరదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అన్ని కాలేజీల్లో సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడకపోవచ్చు, కానీ సెంటర్ వాళ్లు నీకిచ్చిన ఫైలే ఇంకో జిల్లాలో ఇంకొకరికీ ఇస్తారు, అది ఎప్పుడు ఎవరి కంట పడుతుందో చెప్పలేం.

ఇక నీ సందేహాలు. టైటిల్ మార్పుకి ఒక కాగితం రాసి గైడ్ సంతకం, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం తీసుకో, మీ రెగ్యులేషన్స్‌లో గడువు ఏమైనా పెట్టారేమో ఈ రోజే ఆఫీసులో అడుగు. మీ సార్‌ని కాదని చేస్తున్నట్టు మాట్లాడకు, ఒక పేజీ సినాప్సిస్ (ప్రాజెక్టు సారాంశం) రాసి తీసుకెళ్లి "సార్, దీనికి డేటా నా చేతిలో ఉంది" అని చూపించు. డేటా ఉన్న పిల్లలంటే ఏ గైడ్‌కైనా సగం భారం తగ్గినట్టే. షాపు సొంత సంస్థ అయినా ఫర్వాలేదు, పేరు, లైసెన్సు, ముద్ర ఉన్న లెటర్‌హెడ్ మీద యజమాని సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. బంధువు అని దాచకు, మెథడాలజీలో ఒక వాక్యం రాసెయ్యి.

ఎంతమంది అంటే, పిల్లలంతా నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే. శాంపిల్ ఎంతమంది ఉండాలో తేల్చే యమానే సూత్రం చెప్తారు మీకు: 400 మంది ఉంటే 5 శాతం పొరపాటుకి 200 మంది, 10 శాతం పొరపాటుకి 80 మంది. నీకు ఆ బాధ లేదు. మీ మామయ్య దగ్గర ఖాతాలు 60 ఉంటే 60 తీసుకో, శాంపిల్ అనే ప్రశ్నే రాదు. రెండు మూడు పంటల లెక్క తియ్యి. ఒక జాగ్రత్త చెప్తాను. బాకీ రోజులకి సగటు మాత్రమే వెయ్యకు, మధ్యగతం (మీడియన్, వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) కూడా వెయ్యి. తెల్లమచ్చ జబ్బు పడి గుంట పోయిన రైతు బాకీ రెండు పంటలు వెనక్కి ఉంటుంది, అలాంటివి నాలుగున్నా సగటు అంతా పైకి లాగేస్తాయి, అది చూసి రైతులందరూ ఆలస్యంగా కడతారని నువ్వు రాస్తే నిజానికి అన్యాయం చేసినట్టే. ఇంకొకటి, ఇప్పుడు నడుస్తున్న పుస్తకం ఒక్కటే చూస్తే కట్టలేక ఆగిపోయిన రైతులు అందులో ఉండరు. పాత పుస్తకాలు కూడా అడుగు.


టంగుటూరు_బ్యారన్:

మాది పొగాకు ఇల్లు, నేను ఎంబీఏ మార్కెటింగ్‌లో పొగాకు వేలం కేంద్రం మీద చేశాను, కాబట్టి రైతుల్ని అడగడం గురించి ఒక్కటి చెప్తా చెల్లెమ్మా, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. కాలేజీలో ఇచ్చే ప్రశ్నపత్రం నమూనా అట్నే తీసుకెళ్లకు. "వేలం విధానంతో మీరు సంతృప్తిగా ఉన్నారా, పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, తటస్థం..." ఇట్లా ఐదు గడులు పెట్టి అడిగితే మా పెద్దాయన ఒకాయన అన్నింటికీ "బాగానే ఉందిలే నాయనా" అన్నాడు. తెలియని కుర్రాడు కాగితం పట్టుకుని నిలబడితే, ఆఫీసు మనిషేమో, ఎవరికి చేరుతుందో అని వాళ్ల భయం వాళ్లది. అదే "ఈ సీజన్లో ఎన్ని బేళ్లు తెచ్చారు, ఎవరూ పాడక ఎన్ని నోబిడ్ అయినాయి, వెనక్కి తీసుకుపోవడానికి ఆటోకి ఎంతయింది" అనడిగితే అదే పెద్దాయన చొక్కా జేబులోంచి అమ్మకం చీటీలు తీసి బల్ల మీద పరిచాడు, గ్రేడు గ్రేడుకీ రేటు చెప్పాడు, నేను రాసుకోలేకపోయేంత చెప్పాడు. రైతుకి అభిప్రాయం అడిగితే మొహమాటం, లెక్క అడిగితే లేదు. మన దగ్గర లెక్కలు నోటికి ఉంటాయి అందరికీ.

గూగుల్ ఫామ్ వాట్సాప్‌లో పెట్టేసి కూర్చుంటే మాత్రం నీ ఫ్రెండ్సే రైతుల పేరు పెట్టి నింపి పంపుతారు, దానికి ఆశపడకు.

వేళ కూడా చూసుకో. వేలం కేంద్రంలో బిడ్డింగ్ నడిచేటప్పుడు ఎవర్నీ కదిలించకూడదు, బేళ్లు దించి వరస కోసం చెట్టు కింద కూర్చున్నప్పుడు కావాల్సినంత మాట్లాడతారు. మీ గుంటల దగ్గరైతే మేత వేశాక, రొయ్యలు తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రే ఎత్తి చూసేలోపు రెండు గంటల దాకా ఖాళీ ఉంటుంది కదా, గట్టు మీద అప్పుడు పట్టుకో. మా చిన్నాన్న వాళ్లకి సింగరాయకొండ దగ్గర గుంటలున్నాయి, నేను చూసిందే. ట్రే ఎత్తాక మేత మిగిలిపోయి కనపడితే ఆయన మొహం మారిపోతుంది, ఇక ఆ పూట ఏం అడిగినా లాభం లేదు.

కందుకూరు బ్రో అన్నట్టు టైం సరిపోదేమో అనుకోకు. మా క్లాసులో కంపెనీల గేట్ల దగ్గర తిరిగినవాళ్లకే ఎక్కువ రోజులు పట్టింది.


తీరం_మేత_షాపు:

నమస్తే అమ్మా. నేను చదువుకున్నవాడిని కాదు గానీ ఈ వ్యాపారంలోనే ఉన్నాను, మా అబ్బాయి ఇది చూపించి నాన్నా నువ్వు చెప్పు అన్నాడు, నేను చెప్తుంటే వాడు టైప్ చేస్తున్నాడు.

డీలర్ అంటే అందరికీ వడ్డీ తినేవాడిగా కనపడతాడు. మీ రిపోర్టులో అట్ల ఒక్కవైపే రాయొద్దని నా మనవి. మేము అప్పు ఇచ్చేది మనిషిని చూసి, గుంటని చూసి. సీడు ఏ హేచరీది వేశాడు, ఎకరానికి ఎన్ని పిల్లలు వేశాడు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ఇవన్నీ మేం చూసుకుంటాం. మీ చదువులో దీన్ని ఏమంటారో నాకు తెలీదు, మాకైతే ఇదే పూచీకత్తు, కాగితం మీద పూచీకత్తు ఏమీ ఉండదు. నెల దాటాక గుంటలో జబ్బు పడితే మేత ఆపాలా వెయ్యాలా అనే ప్రశ్న రైతుకి ఎంతో మాకూ అంతే. ఆపితే పాత బాకీ మునుగుతుంది, వేస్తే కొత్త బాకీ పెరుగుతుంది. అట్లాంటి రోజు రైతు షాపు దాకా వచ్చి మాట్లాడకుండా బెంచీ మీద కూర్చుంటాడు, మేమూ ఏం అనలేం, బస్తాలు ఎత్తించి పంపిస్తాం.

నువ్వు అడగాల్సిందేంటంటే, పట్టుబడి నాడు డబ్బు ఎవరి చేతికి ముందు వస్తుంది. కొన్నిచోట్ల సరుకు ఎత్తినవాళ్లే డీలర్ బాకీ పట్టుకుని మిగతాది రైతుకి ఇస్తారు. కొన్నిచోట్ల రైతుకి వచ్చి అక్కణ్ణుంచి మాకు వస్తుంది. ఈ రెండింటికీ బాకీ వచ్చే రోజుల్లో చాలా తేడా ఉంటుంది, రైతు చేతిలో మిగిలే స్వేచ్ఛలో కూడా తేడా ఉంటుంది. డీలర్ దగ్గర అప్పున్న రైతు మంచి రేటు వచ్చేదాకా సరుకు ఆపుకోగలడా లేదా, ఇది రాయి. ఇంకా కౌంట్ సంగతి. కిలోకి 100 తూగే రొయ్యకీ 40 తూగే రొయ్యకీ రేటు ఎక్కడా పోలిక ఉండదు, జబ్బు భయంతో ముందే పట్టేస్తే కౌంట్ రాదు, అప్పుడు మా బాకీ కూడా సగమే వస్తుంది.

రైతుల పేర్లు మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఊళ్లో పరువు సంగతి. మీ మామయ్యకి ముందే ఆ మాట ఇయ్యి, అప్పుడు పాత పుస్తకం కూడా ఇస్తాడు. మొండిబాకీల పేజీలు చూపించడం ఏ డీలర్‌కైనా కష్టమే, ఆ పేజీల్లో ఉన్నోళ్లు కొందరు ఇప్పుడు ఊళ్లోనే లేరు. ఆ పుస్తకం నిదానంగా అడుగు, ఒకసారి కాదంటే వదిలెయ్యకు.


అల్లూరు_ఫైనాన్స్:

అందరికీ ఎంతో థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మేత షాపు బాబాయ్, మీరు చెప్పింది మా మామయ్యకి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పేర్లు రాయనంటే పాతవి కూడా చూడు" అన్నారు. రైతులకి నంబర్లు ఇస్తున్నాను, ఊరి పేరు కూడా రాయను, మండలం దగ్గర ఆపేస్తాను.

గైడ్ సార్ దగ్గరికి సినాప్సిస్ తీసుకుని వెళ్లాను. మొదట వద్దన్నారు, ఖాతా పేజీ ఒకటి పేరు కనపడకుండా ఫొటో తీసి చూపించాక చేతిలోకి తీసుకుని చూశారు. వాళ్ల నాన్నగారికి ఎరువుల షాపు ఉండేదంట, ఆయనే టైటిల్ దిద్ది ఇచ్చారు: రొయ్యల మేత డీలర్ వ్యాపారంలో అప్పు అమ్మకాలు, నగదు చక్రం, నెల్లూరు జిల్లా తీర మండలంలో ఒక పరిశీలన. హెచ్‌ఓడీ సంతకం రేపు. కందుకూరు అన్నా, నువ్వు చెప్పిన దారి కూడా వదలడం లేదు. వాటర్‌బేస్, అవంతి నివేదికల్లో వాళ్లకి డీలర్ల దగ్గర నుంచి రావలసిన బాకీ రోజులు లెక్క కట్టి, పక్కన మామయ్య రోజులు పెడదామనుకుంటున్నాను, కంపెనీ దగ్గర అప్పు ఎంతకాలం ఉంటుంది, షాపు దగ్గర ఎంతకాలం, గుంట దగ్గర ఎంతకాలం అని ఒక అధ్యాయం. ఇది సరైనదేనా సార్? కంపెనీకీ షాపుకీ పోల్చకూడదు అంటారేమోనని భయం.

ఇంకో సందేహం, కొందరు రైతులు విడతలుగా కట్టారు. ఒకే పంట బాకీ మూడుసార్లుగా జమైంది. రోజులు ఏ తేదీకి లెక్కపెట్టాలి?


ఒంగోలు_మేనేజ్‌మెంట్_లెక్చరర్:

పోల్చొచ్చమ్మా, ఎవరు మెరుగు అని కాదు, ఒకే అప్పు మూడు చోట్ల ఎంతెంత కాలం ఆగుతోంది అని చూపిస్తున్నావు, అది మొదటి పేరాలోనే స్పష్టంగా రాయి. అయితే కంపెనీ బాకీల్లో ఎగుమతి బయ్యర్ల బాకీ కూడా కలిసి ఉంటుంది. అవంతికి మేతతో పాటు ప్రాసెసింగ్ వ్యాపారం కూడా ఉంది కాబట్టి నివేదికలో సెగ్మెంట్ల (ఒక్కో వ్యాపారానికి విడివిడి) వివరాలు చూసుకుని, విడదీయలేకపోతే ఆ మాట పరిమితుల్లో పెట్టు.

విడతలకి జమైన మొత్తాన్ని బట్టి బరువు వెయ్యి. లక్ష బాకీలో 50,000 రూపాయలు 90వ రోజు, 30,000 రూపాయలు 120వ రోజు, 20,000 రూపాయలు 200వ రోజు వచ్చాయనుకో. ఒక్కో మొత్తాన్ని దాని రోజులతో గుణించి కలిపి లక్షతో భాగించు, 121 రోజులు వస్తుంది. ఆఖరి తేదీ ఒక్కటే చూస్తే 200 అని పడేది. బస్తాలు కూడా ఒకే రోజు తీసుకోరు కాబట్టి మొదలు తేదీకీ ఇదే పద్ధతి. ఎక్సెల్‌లో రైతు నంబరు, తీసుకున్న తేదీ, మొత్తం, జమ తేదీ, జమ మొత్తం, గుంట విస్తీర్ణం, కౌంట్, డబ్బు ఎవరి చేతి మీదుగా వచ్చింది, ఈ గడులు పెట్టుకుని ఒక్కో జమకి ఒక్కో వరస రాయి. మొదటి పది మంది రైతుల వరసలు నింపాక పేర్లు లేకుండా ఇక్కడ పెట్టు, మిగతావి ఎక్కించేముందు ఒకసారి చూస్తాను.